వెనుక పోర్షన్‌కి ఒక ఉత్తరం

దిల్‌సుఖ్‌నగర్,
4 ఫిబ్రవరి 2024, ఆదివారం.

నాయినకు,

ఇందు రాస్తున్నది. ఈ ఉత్తరం భివండీ చేరడానికి వారం పడుతుంది. భిక్షపతి మామ ఫోన్‌కి చేస్తే నిమిషంలో అయిపోయేది. కానీ నీకు వినబడదు. ఆయన విని నీ చెవి దగ్గర అరవాలి. మీ గదిలో ఉన్న పదకొండు మందికీ మన ఇంటి సంగతి తెలియాలి. మెసేజ్ పెడదామంటే ఆ తెర మీద అక్షరాలు చీమల్లా పాకుతాయంటావు. అందుకని కాగితమే మేలు.

నాయినా, ఇల్లు దొరికింది. దొరికిందని రాయడానికి కూడా భయంగా ఉంది. ఏడు నెలలుగా ప్రతి ఆదివారం తిరుగుతున్నాను. ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గరి బ్రోకర్ ఒకాయన ఒకే ఇంటిని నాకు మూడుసార్లు చూపించాడు, మూడుసార్లు మూడు ధరలు చెప్పి. మూడోసారి ఆ గేటు దగ్గరి కుక్క నన్ను గుర్తుపట్టి తోక ఊపింది. కుక్కకున్న సిగ్గు ఆయనకు లేదు.

పోయిన గురువారం కోచింగ్ సెంటర్‌లో పాఠం అయ్యాక, హాస్టల్‌కి గడ్డిఅన్నారం లోపలి సందుల్లోంచి నడిచి వస్తున్నాను. పాత పండ్ల మార్కెట్ వెనుక ఒక గేటుకి అట్టముక్క వేలాడుతోంది. "ఇల్లు అమ్మబడును. నేరుగా యజమానిని కలవండి. బ్రోకర్లు రావద్దు. వచ్చినచో మంచినీళ్ళు కూడా ఇవ్వబడవు" అని చేత్తో రాసి ఉంది. నవ్వొచ్చింది. గేటు తట్టాను.

మేడ మీంచి ఒక పెద్దాయన తొంగి చూశారు. "ఎవరమ్మా? బ్రోకరువా?"

"కాదండీ. కొనుక్కోవడానికి వచ్చాను."

"నువ్వా? మీ నాన్నగారేరీ?"

"ముంబై దగ్గర భివండీలో ఉంటారండీ. మగ్గం నేస్తారు."

"అమ్మగారు?"

"లేరండీ."

లోపలినుంచి ఆవిడ గొంతు వినబడింది. "ముందు పిల్లని కూర్చోనివ్వండి బాబూ. కోర్టులో సాక్షిని అడిగినట్టు ఆ అడగడమేమిటి?"

ఆయన పేరు బాపిరాజు గారు. కాలేజీలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ కుసుమకుమారి గారు. భీమవరం దగ్గరి వాళ్ళు, ముప్పై ఏళ్ళ కింద వచ్చి ఈ ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు మోకాళ్ళు సాగక కాకినాడలో కూతురు అమల గారి దగ్గరికి పోతున్నారు. నేను కూడా లెక్కలే చెబుతానని తెలిశాక ఆయన ముఖం కాస్త మెత్తబడింది.

అరవై గజాల ఇల్లు. కింద రెండు పోర్షన్లు. ముందు దాంట్లో ముగ్గురు కోచింగ్ పిల్లలు అద్దెకుంటారు. వెనుక దాంట్లో లచ్చయ్య అనే ఆయన, భార్య, పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేసేవాడట. మార్కెట్ ఇక్కడినుంచి పోయాక పని సన్నగిల్లిందట. మేడ మీద రాజుగారి వాళ్ళు. ఆ పైన ఒక రేకుల గది, పాత సామాన్లకి. మేం మాట్లాడుతుండగా లచ్చయ్య ఏదో కాగితం పట్టుకొచ్చాడు. రాజుగారు కళ్ళజోడు వెతుక్కుని దాన్ని చూస్తుంటే మా మాట పది నిమిషాలు ఆగిపోయింది.

ఊళ్ళో ఇల్లు అమ్మిన డబ్బులో అమ్మ దవాఖానకి పోగా మిగిలింది, నా జీతం మీద వచ్చే లోను కలిపితే సరిపోతుంది. మేడ అద్దె, ముందు పోర్షన్ అద్దె కలిసి బ్యాంకు కిస్తీ కట్టేస్తాయి. వెనుక పోర్షన్ మనకి. రెండు గదులు, వంటిల్లు. నువ్వు ఆ మరమగ్గాల మోతలోంచి బయటికి రావచ్చు నాయినా. ఎనిమిదేళ్ళయింది.

ఇంటి చిరునామా నెంబరుతో సహా కింద రాశాను. ఎప్పుడైనా ఆ కాగితం చూసుకుంటే నీకు నమ్మకంగా ఉంటుందని.

నీ మాట కోసం చూస్తూ,
ఇందు.

•

భివండీ,
13 ఫిబ్రవరి.

బిడ్డా ఇందూ,

నీ ఉత్తరం సోమారం అందింది. రెండు సార్లు సదివిన. కుక్క ముచ్చట భిక్షపతికి సదివి వినిపిస్తే గదిల అందరు నవ్విండ్రు. మన ఇంటి సంగతి ఎట్లైన తెల్సిపోయింది, ఏం చేస్తం.

ఇల్లు మంచిగున్నట్టే ఉన్నది. కాని నువ్వు అమ్మెటాయనతోనే మాట్లాడినవు. అమ్మెటోడు ఎవ్వడైన తన సరుకు బంగారమనే అంటడు. ఆయన చెడ్డోడని కాదు.

మట్టయ్య కాడ మగ్గం కొన్ననాడు నీకు యాదికున్నదా? నువ్వు మూడో తరగతి. మట్టయ్య గంటసేపు దాని గుణాలు చెప్పిండు. నేను ఊకొట్టి, ఆయన చాయ తాగనీకి పోంగనే, దానిమీద కూసోని నేసే మనిషిని అడిగిన. ఏమయ్యా, నీకు ఏడ కష్టమైతది అని. ఆయన దాచకుంట చెప్పిండు. ఎడమ గుంజ కదుల్తది, వానకాలం మగ్గం గుంటల నీరు ఊర్తది అని. అది తెల్సుకొనే కొన్న. ఆయన నేసే పడుగు ఇంక ఎనిమిది చీరెలకున్నది. అది అయిపోయేదాక నువ్వే నేసుకో అని చెప్పిన. మన దాంట్ల అట్లనే చేస్తరు. మగ్గం కొన్నమని దానిమీది నూలు కోసి, మనిషిని లేపరు.

అందుకని చెప్తున్న. ఆ వెనుక పోర్షన్ల లచ్చయ్యను అడుగు. పంతొమ్మిదేండ్లు ఉన్నడంటున్నవు. గోడ ఏడ చెమ్మ పడ్తది, నీళ్ళు ఏ నెలల రావు, ఆయనకు తెల్సినట్టు ఆ రాజుగారికి సుత తెల్వది. నీకు మొకమాటమైతే చెప్పు, నేనే అడుగుత. నెంబరు రాసినవు గద.

చెవులు అట్లనే ఉన్నయి. నువ్వు పరేషాన్ కాకు. షెడ్డుల మరమగ్గం సాంచాలు నడుస్తున్నయో లేదో కాళ్ళ కింద అదురు చూసి చెప్తున్న. జర వేళకు తిను.

ఇట్లు, మీ నాయిన ఆనందం.

•

దిల్‌సుఖ్‌నగర్,
22 ఫిబ్రవరి, గురువారం.

నాయినా,

నీ ఉత్తరం అందేలోపే ధర కుదిరింది. నువ్వు కోప్పడవనుకున్నాను. రాజుగారు బేరం ఆడడం కూడా లెక్క చెప్పినట్టే ఆడారు. నల్లబల్ల లేదుగానీ, క్యాలెండర్ వెనక వేసి చూపించారు. ఇద్దరం ఒకే జవాబుకి వచ్చాం. బ్రోకర్ ఉంటే ఇద్దరి దగ్గరా తీసుకునేది మిగిలింది కదా, దాన్ని చెరిసగం చేసుకున్నాం. బయానా ఇచ్చాను. స్టాంపు కాగితం మీద ఆయనే రాశారు, కొట్టివేత ఒక్కటి లేకుండా.

నువ్వు లచ్చయ్యని అడగమన్నావు. అది కుదరదు నాయినా. రాజుగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. అద్దెకున్నవాళ్ళకి ఇల్లు అమ్ముతున్న సంగతి తెలియకూడదు. గేటు మీద అట్టముక్క ఉంది కదా అంటే, "ముందు పోర్షన్ పిల్లలు ఫోను తప్ప పైకి చూడరు. లచ్చయ్య సంగతి వేరు. వాడితో నేనే చెప్పుకుంటాను. నా నోటితో చెప్పాలి. వెనుక పోర్షన్ ఖాళీ చేయించి ఇవ్వడం నా పూచీ" అన్నారు. సరేనన్నాను. ఈ సంగతి మొదటి ఉత్తరంలో రాయాల్సింది, మరచిపోయాను.

"నేనే అడుగుత" అన్నావు. భివండీలో కూర్చుని ఎట్లా అడుగుతావు? నవ్వుకున్నాను.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదులే. మొన్న మెట్లు దిగుతుంటే లచ్చయ్య ఎదురయ్యాడు. చేటలో రేగుపండ్లు ఏరుతున్నాడు. పిడికెడు నా చేతిలో పోసి, "ఏం బిడ్డా, కోచింగా? ముందు పోర్షన్ల చేర్తవా?" అన్నాడు. నేను అవునన్నాను. ఆ రేగుపండ్లు హాస్టల్ దాకా తెచ్చానుగానీ తినలేకపోయాను. ఆయన ఉండే గదుల్లో మన మంచం ఎక్కడ వేయాలో అప్పటికే మనసులో చూసుకుని ఉన్నాను.

ఆయన్ని పంపకుండా వేరే దారి ఉందేమోనని ఆలోచించాను. మేడ మనమే ఉంచుకుంటే కిస్తీ కట్టలేం. పైన రేకుల గది ఉంది, కానీ ఎండాకాలంలో అందులో మనిషి ఉండలేడు. నిన్ను ఆ షెడ్డులోంచి తీసి ఇంకో రేకుల కిందికి తేవడానికి కాదు కదా ఇదంతా.

అలసటగా ఉంది నాయినా. పొద్దున మూడు క్లాసులు, సాయంత్రం రెండు, మధ్యలో బ్యాంకు వాళ్ళ కాగితాలు. ఈ నెలాఖరుకి అయిపోతే చాలు.

ఇందు.

•

దిల్‌సుఖ్‌నగర్,
3 మార్చి, ఆదివారం.

నాయినా,

నువ్వు లచ్చయ్యకి ఉత్తరం రాశావా?

అడగడమెందుకు, రాశావు. నాకు రాసిన రోజే రాసి ఉంటావు. నా మాట కోసం వారం ఆగలేకపోయావా?

నిన్న బ్యాంకు కాగితం మీద సంతకం కోసం వెళ్ళాను. గేటుకి అట్టముక్క లేదు. మేడ ఎక్కి తలుపు తడితే తీయలేదు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. కిందికి దిగి నిలబడితే ముందు పోర్షన్‌లో ఉండే జ్యోతిక అనే అమ్మాయి బయటికి వచ్చి చెప్పింది.

లచ్చయ్యకి చదువు రాదు. ఆ ఇంటికి వచ్చిన రోజునుంచి, పంతొమ్మిదేళ్ళుగా, ఆయనకి వచ్చిన ప్రతి కాగితం రాజుగారే చదివి పెడతారట. కరెంటు బిల్లయినా, దవాఖాన చీటీ అయినా. నేను మొదటి రోజు చూసింది అదే, నాకు తెలియలేదు. పది రోజుల కింద పోస్టుమ్యాన్ వచ్చి లచ్చయ్య చేతిలో ఉత్తరం పెడితే, ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కాడట. "సారూ, నాకు ఉత్తరమొచ్చింది. నాకెవరు రాస్తరు సారూ? జర చూడు" అంటూ.

రాజుగారు చదవడం మొదలుపెట్టారట. నాలుగో ముక్కకే ఆగిపోయారట. లచ్చయ్య మెట్టు మీద కూర్చుని, "చదువు సారూ, ఎందుకాపినవ్?" అన్నాడట.

ఆయన నోటితో చెప్పుకుంటానన్న మాటని ఆయన నోటితోనే, నీ అక్షరాల్లోంచి చదివించావు నాయినా.

ఇంక ఆ తలుపు తెరుచుకోదు. నేను మాట తప్పిన మనిషినైపోయాను. లచ్చయ్య దృష్టిలో అబద్ధాలకోరుని. బయానా కాగితం నా సంచిలోనే ఉంది, దాన్ని చూస్తే సిగ్గేస్తోంది. ఏడు నెలలు. మళ్ళీ ఆ చౌరస్తాకి పోయి, ఆ బ్రోకర్ ముందు నిలబడి, ఆ కుక్కని చూసి రావాలి.

అయిదో తరగతిలో ఉన్నప్పుడు చీరె డిజైన్ గీసే గళ్ళ కాగితం మీద నీకు అక్షరాలు నేర్పించాను. గడికో అక్షరం. ఎందుకు నేర్పానా అని మొదటిసారి అనిపిస్తోంది.

ఇందు.

•

భివండీ,
12 మార్చి.

ఇందూ,

ఉత్తరం అందింది.

నేను మంచికే రాసిన. ఆయనకు చదువు రాదని నాకెట్ల తెల్సు. నీకు సుత తెల్వదంటివి. అయిన తప్పు నాదే. నువ్వు చదువుకున్న దానివి, పట్నం పద్ధతులు నీకు తెల్సు. నాకు మగ్గం కాడి పద్ధతి ఒక్కటే తెల్సు.

నువ్వు నేర్పిన అక్షరాలతోని నీకే నష్టమైంది. ఇగ రాయ. ఏదన్న అవసరముంటే భిక్షపతి ఫోన్ చేస్తడు. ఈ ఉత్తరం సుత ఆయనతోనే రాయిద్దామనుకున్న. ఆఖరిది గద అని నేనే రాస్తున్న.

ఇల్లు పోతే పోనీ. పైసలు నీ పేరునే ఉండనీ. నా కోసం చూడకు. సేటు ఇంకో రెండు సాంచాలు చూసుకొమ్మన్నడు. ఒప్పుకున్న. ఇప్పుడు ఆరు నడుపుతున్న. చెవులు లేనోనికి నాలుగైతేంది, ఆరైతేంది.

పైలం.

ఆనందం.

•

దిల్‌సుఖ్‌నగర్,
24 మార్చి, ఆదివారం.

నాయినా,

ఆ రెండు సాంచాలు వెంటనే వదిలెయ్. ముందు అది చెప్పి తర్వాత మిగతాది.

నేను రాసిన చివరి వాక్యం కొట్టెయ్. కలం తీసుకుని నిజంగానే కొట్టెయ్. నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద చదివి అక్కడే కూర్చుండిపోయాను. నువ్వు రాయకపోతే నాకు నీ గొంతు ఎక్కడినుంచి వస్తుంది? ఫోన్‌లో భిక్షపతి మామ గొంతు వస్తుంది, అంతే.

ఇక విను. మంగళవారం కుసుమకుమారి గారు కోచింగ్ సెంటర్‌కి వచ్చారు. కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళి వస్తూ దిగారట. ప్రసాదం పొట్లం నా బల్ల మీద పెట్టి, పిల్లలందరి ముందూ, "ఏమ్మా, తలుపు తీయకపోతే మళ్ళీ రావడం మానేస్తావా? ఇంత పౌరుషమైతే ఇల్లు కొనలేవు" అన్నారు.

"రాజుగారికి కోపం వచ్చిందని..." అన్నాను.

"కోపమా? ఆయనకా? సిగ్గమ్మా సిగ్గు. ఏడాదిగా లచ్చయ్యకి చెబుతానని మెట్ల దాకా దిగడం, 'ఏం లచ్చయ్యా, మంచినీళ్ళొచ్చాయా' అని అడిగి పైకి వచ్చేయడం. ఆ అట్టముక్క కూడా వాడికి చదవడం రాదనే ధైర్యంతో కట్టారు. అది తెలిసి నేనే తిట్టాను. పరాయి మనిషి రాసిన ముక్క చదివితే గానీ ఈయన నోరు పెగల్లేదు. నీకు మొహం చూపించలేక తలుపేసుకున్నారు."

సాయంత్రం వెళ్ళాను. రాజుగారు తల దించుకుని తలుపు తీశారు. లచ్చయ్యని పిలిచారు. లచ్చయ్య జేబులోంచి నీ ఉత్తరం తీసి నాకిచ్చాడు. నాలుగు మడతల దగ్గర అప్పుడే చిరగడానికి వచ్చింది. అందులో ఏముందో నేనప్పటిదాకా చదవలేదు నాయినా. చదవకుండానే నిన్ను అన్నన్ని మాటలన్నాను.

"లచ్చయ్య గారికి పోచంపల్లి ఆనందం రాసేది. మీరుండే ఇల్లు నా బిడ్డ కొంటున్నది. మీకు ఏడ కష్టమైతదో దాచకుంట చెప్పాలె. మేం వచ్చినమని మీరు లేవద్దు. మీరు ఉన్నన్నాళ్ళు ఆ పోర్షన్ మీదే. మా దాంట్ల మగ్గం కొన్నా, నేసే మనిషిని లేపరు."

చదివి తలెత్తితే లచ్చయ్య నన్నే చూస్తున్నాడు. "నువ్వు కోచింగ్ పిల్లవు కాదన్నట్టు" అన్నాడు. "రేగుపండ్లు తిన్నవా?" అని అడిగాడు. లేదన్నాను. "అవునులే, పుల్లగుండె" అన్నాడు.

ఆయన నీకు జవాబు రాయించాడు. ఈ కవరులోనే పెట్టాను. రాత ఎవరిదో గుర్తుపట్టావా? రాజుగారిది. తన ఇంటి లోపాలు తానే రాసుకున్నారు, లచ్చయ్య చెబుతుంటే. మెట్ల కింది గోడ వానాకాలం చెమరుస్తుంది. 2020 వరదకి మోకాలి దాకా నీళ్ళొచ్చి రెండు రోజులున్నాయి. సంపు పగిలింది, నీళ్ళు సగం భూమే తాగుతుంది. సంపు దగ్గర రాజుగారు కలం ఆపి, "అది కూడా రాయాలా లచ్చయ్యా?" అన్నారట. "రాయాలె సారూ. ఆయన అడిగిండు గద" అన్నాడట. సంపు బాగుచేయించే ఇల్లు ఇస్తామన్నారు కుసుమకుమారి గారు.

ఇప్పుడు అసలు సంగతి. లచ్చయ్యని ఖాళీ చేయించననీ, లచ్చయ్య ఉంటాడన్న నీ మాట మీదే అయితే ఇల్లు నాకే ఇస్తాననీ రాజుగారు అంటున్నారు. కాదంటే బయానా తిరిగి ఇచ్చి అట్టముక్క మళ్ళీ కడతారు. ఆ వచ్చేవాడు ఇల్లు కూలగొట్టి హాస్టల్ కడతాడు, అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

కానీ నువ్వు ఎక్కడుంటావు నాయినా? ఆ వెనుక పోర్షన్ నీ కోసం అనుకున్నాను. నువ్వే దాన్ని ఇచ్చేశావు. తెలిసి ఇచ్చావో తెలియక ఇచ్చావో నాకు అర్థం కావడం లేదు. మేడలో మనం ఉంటే కిస్తీకి నీ జీతం కావాలి, అంటే నువ్వు అక్కడే ఉండాలి. ఎన్నిసార్లు వేసినా లెక్క అక్కడికే వస్తోంది. పిల్లలకి రోజూ లెక్కలు చెబుతాను, ఇది మాత్రం తెగడం లేదు.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. రాయి. నీ చేత్తోనే రాయి.

ఇందు.

•

భివండీ,
2 ఏప్రిల్.

బిడ్డా,

నీ వాక్యం కొట్టెయ్యలే. ఉండనీ. కోపంల రాసినది సుత నీ రాతనే.

రాజుగారు రాసిన కాగితం సదివిన. గోడకు చెమ్మ, సంపు పగులు, అన్నీ తెల్సినయి. ఇప్పుడు నాకు ఆ ఇంటిమీద నమ్మకమొచ్చింది. లోపం తెల్సిన ఇల్లు కొనొచ్చు.

తెలిసిచ్చినవా అని అడిగినవు. తెల్సే ఇచ్చిన. నువ్వు మొదటి ఉత్తరంలనే రాసినవు గద, వెనుక పోర్షన్ మనకి అని. పంతొమ్మిదేండ్ల సంది ఉన్న మనిషి లేస్తేనే మనం కూసుంటం అని అందుల రాసి లేదు, కాని నేను సదివిన. మీ అమ్మ దవాఖాన కోసం ఇల్లమ్మి బయటికొచ్చిన నాడు కొన్నాయన మనకు రెండు రోజులిచ్చిండు. ఆ రెండు రోజులు నీకు యాదికి లేవు, నువ్వు అమ్మ కాడ ఉంటివి. మగ్గం విప్పుతుంటే దానిమీద మూడు గజాలు నేయకుంట మిగిలింది. కోసిన. ఆ కత్తెర చప్పుడు నాకు ఆఖరుగ మంచిగ ఇనపడ్డ చప్పుడు అనిపిస్తది.

రేకుల గది ఉన్నదంటివి. మనిషి ఉండలేడంటివి. ఇక్కడ నేనేం డాబాల ఉన్ననా? ఒక మంచం ఇద్దరికి. నేను లేస్తే ఇంకొకాయన పండుకుంటడు. పైన రేకులే. ఆ గది నాకు సాలు. నువ్వు సుత హాస్టల్ ఇడిసి అండ్లకే రా. హాస్టల్ పైసలు మిగుల్తయి. మేడ కిరాయికియ్యి. నడిమధ్యన చీరె కట్టుకుంటే రెండు గదులు. ఎండకు రేకుల మీద గోనెసంచులు తడిపి ఏస్త.

వానొస్తే రేకుల మోత అంటవు. నాకేం ఇనపడ్తది బిడ్డా? నీకే కష్టం.

ఆ రెండు సాంచాలు వాపస్ ఇచ్చిన. సాంచాల మీదికెక్కిన పడుగు భీములు అయ్యేదాక నాలుగు నడిపి వస్త. రెండు నెలలు పడ్తది. నడుమల ఇడిసి వస్తే నాకే మంచిగనిపియ్యది.

లచ్చయ్యకు నా దండాలు చెప్పు. రాజుగారికి సుత.

మీ నాయిన.

•

గడ్డిఅన్నారం,
26 మే, ఆదివారం.

నాయినా,

ఉత్తరం పైన చిరునామా చూశావా? దాన్ని మొదటిసారి రాశాను.

రిజిస్ట్రేషన్ బుధవారం అయింది. ఎల్‌బీనగర్ దాకా రాజుగారు, నేను ఒకే ఆటోలో వెళ్ళాం. పొద్దున తొమ్మిదికి వెళితే మధ్యాహ్నం మూడయింది. బయట చెట్టు కింద ఉన్న బ్రోకర్లు మమ్మల్ని చూసి, "ఎవరి తరఫు?" అని అడిగారు. రాజుగారు, "ఎవరి తరఫూ కాదయ్యా, మేం మేమే" అన్నారు. సంతోషంగా ఉండాల్సింది. ఇద్దరం ఆ వేడిలో కూర్చుని కునికిపాట్లు పడ్డాం. వేలిముద్రలు వేసి మళ్ళీ ఆటో ఎక్కాం. దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తుంటే ఆయన, "ముప్పై ఏళ్ళ ఇల్లు, నాలుగు సంతకాలు" అన్నారు.

నిన్న వాళ్ళు వెళ్ళిపోయారు. అమల గారు కారు తెచ్చారు. కుసుమకుమారి గారు రేకుల గది ఊడ్పించి, తన పాత కూలర్ నాకు వదిలి వెళ్ళారు. "మీ నాన్నగారికి చెప్పు, ఎండలో గోనెసంచులు తడుపుతూ కూర్చోవద్దని" అన్నారు. మేడలోకి ఒకటో తారీకున ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం వస్తోంది. కిస్తీ లెక్క సరిపోయింది, ఇరుగ్గా.

నేను మూడు రోజులుగా రేకుల గదిలో ఉంటున్నాను. అబద్ధమెందుకు, పగలు పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంది. తెల్లారగట్ల మాత్రం చల్లగా ఉంటుంది. నీకు ఇష్టమైన వేళ. చీరె అడ్డం కట్టాను. అమ్మది, నువ్వు నేసిన నీలం గళ్ళది.

లచ్చయ్య సంగతి చెప్పాలి. కారు సందు మలుపు తిరిగేదాకా ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పైకి వచ్చాడు. చేతిలో ఏదో చీటీ, భార్య మందులది. గడప బయటే నిలబడ్డాడు. కిరాయి గురించేమో అనుకుని, "పెంచనులే తాతా" అన్నాను.

"కిరాయి ముచ్చట కాదు బిడ్డా" అన్నాడు. "సారు పాయె. ఇగ నా కాగితాలు ఎవరు చదువుతరు?"

నేను చదివి పెట్టాను. మందు పేరు, ఎన్ని పూటలో. కానీ నేను పొద్దున ఆరింటికి పోయి చీకటి పడ్డాక వస్తాను. పంతొమ్మిదేళ్ళు ఎప్పుడు మెట్లెక్కినా తలుపు తెరిచి ఉండేది ఆయనకి. ఈ మాట నాకెవరూ ముందు చెప్పలేదు. ఇల్లు కొన్నామంటే గోడలు కొన్నామనుకున్నాను.

ఏం చెప్పమంటావు ఆయనకి?

ఇందు.

•

భివండీ,
4 జూన్.

బిడ్డా ఇందూ,

నాలుగు సాంచాలల్ల మూడింటి భీములు అయిపోయినయి. నాలుగోది శుక్రారం అయితది. సేటు లెక్క చేసిచ్చిండు. భిక్షపతి శనివారం బండెక్కిస్తనన్నడు. స్టేషన్‌కు నువ్వు రావద్దు, క్లాసులు ఎగ్గొట్టకు. మెట్రోల వస్త. ఇంటి నెంబరు నాకు నోటికొచ్చు.

లచ్చయ్యకు చెప్పు. పగలంత ఇంటికాడనే ఉంట. కాగితం ఏదొచ్చిన తెమ్మను. నిదానంగ చదువుత, గడికో అక్షరం, కాని తప్పు చదవ. ఆయన చెప్పింది నాకినపడది, నేను చదివింది ఆయనకినపడ్తది. ఏడ నొస్తున్నదో చేత్తోని చూపిస్తడు.

తలుపు తీసే ఉంచుత, లోపలికి రమ్మను. తట్టితే నాకినపడది.

మీ నాయిన.